గుమ్మానికి అడ్డంగా

ఊరి మొదట్లోనే బ్యాండు వినిపించేసరికి ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

దేశం ఈ చివరి నుంచి ఆ చివరికి పరుగు. ఆడవాళ్ళలో ఇంతవరకూ దాన్ని పూర్తి చేసింది ఒక్కరే, అదీ ఎప్పుడో ఆమె పుట్టకముందు. ఆ రికార్డు కొట్టాలని బయల్దేరింది. ఇప్పుడు కాళ్ళు తనవి కావనిపిస్తోంది.

దారిలో ప్రతి ఊరూ ఆదరించింది. ఆ ఆదరణే ప్రాణం మీదికొచ్చింది. మైకులో మాటలు, ఫొటోలు, మా ఇంట్లో ఒక్క ముద్ద తినాలంటూ బతిమాలడాలు. కాదంటే గర్వమంటారు. ఔనంటే కడుపూ బరువే, కాళ్ళూ బరువే.

వెనక వ్యాను నడుపుతున్న తమ్ముడు కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"అక్కా, ఇక్కడ మన బస బట్టలు కుట్టే ఒకావిడ ఇంట్లో. గంటసేపు పడుకో. సాయంత్రం సభ. అదయ్యాక చల్లబడుతుంది, మళ్ళీ పరుగెత్తొచ్చు. ఇప్పటికే వెనకబడ్డాం."

"ఇక మానేద్దాంరా."

"ఏంటీ?"

"ఏం లేదులే."

ఇల్లు రోడ్డు పక్కనే. ముందు గది నిండా గుడ్డ ముక్కలు, దారపు కండెలు. కుట్టుమిషను దగ్గర్నించి ఒక ముసలామె మోకాలు పట్టుకుని లేచింది. రమ్మనీ అనలేదు, నవ్వనూ లేదు.

"బూట్లు విప్పు. లోపల మంచం ఉంది."

"ఒక్క గంటేనమ్మా. తర్వాత లేపండి."

ముసలామె ఔననలేదు, కాదనలేదు. అన్నం పెట్టింది, రెండు గుడ్లు ఒలిచిచ్చింది. తిన్నంతసేపూ ఒక్క ప్రశ్న వెయ్యలేదు. కిటికీకి ఎవరిదో కుట్టాల్సిన దుప్పటి అడ్డం కట్టి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది.

తర్వాత ఏం జరిగిందో ఆమెకు తెలియదు.

సాయంత్రం ఊరి ప్రెసిడెంటు నలుగురిని వెంటేసుకుని వచ్చాడు. ముసలామె గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని చొక్కాకి బొత్తాలు కుడుతోంది.

"పిన్నిగారూ, హాల్లో జనం ఎదురుచూస్తున్నారు. లేపండి."

"పడుకుంది."

"అయిదు నిమిషాలు చాలు. అలా ముఖం చూపించి పోతుంది."

"మీ అయిదు నిమిషాలు నాకు తెలుసు. చేతిలో మైకుంటే మీకు పొద్దు తెలీదు."

"ఊరి పరువండీ!"

"మీ పరువు కోసం ఆ పిల్ల పడిపోవాలా? వెళ్ళండి నాయనా."

ప్రెసిడెంటు గొణుక్కుంటూ మెట్లు దిగాడు. ఈసారి తమ్ముడు వచ్చాడు.

"బామ్మా, మాకు టైము లేదు. అక్క పరుగెత్తాలి."

"నువ్వూ పడుకో. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. ఆ కళ్ళతో బండి నడిపి అక్క మీదికే ఎక్కిస్తావా?"

వాడు కళ్ళు నులుముకున్నాడు. వెళ్ళి వ్యానులోనే ఒరిగాడు.

ఆమె కళ్ళు తెరిచేసరికి దుప్పటి అంచులోంచి వెలుగు వస్తోంది. సాయంత్రమే అనుకుంది. వీధిలో పాలు పోసేవాడి కేక వినపడ్డాక దిగ్గున లేచింది.

తెల్లారింది!

"ఎందుకు లేపలేదు?" గది బయటికి వస్తూనే అరిచింది.

"లేపబుద్ధి కాలేదు."

"సాయంత్రం పరుగంతా పోయింది! ఇక ఆ రికార్డు నాకు అందదు. కుర్చీలో కూర్చుని కుట్టుకునేవాళ్ళకి పరుగంటే ఏం తెలుస్తుంది?"

ముసలామె ముఖంలో ఏ మార్పూ లేదు.

"పోనీలే తల్లీ, పొద్దెక్కకముందే బయల్దేరు" అంది. వంగలేక వంగి బూట్లు తీసి ముందు పెట్టింది.

బూట్ల మడమ దగ్గర చిరిగిన చోట మెత్తటి గుడ్డ వేసి కుట్టి ఉంది. ఆమె అది చూసింది. లేసులు బిగించి, వెళ్ళొస్తానని కూడా అనకుండా రోడ్డెక్కింది.

కోపంలో ఎంత దూరం వచ్చిందో చూసుకోలేదు.

"అక్కా, మెల్లగా! బండికి కూడా అందట్లేదు నువ్వు!"

తమ్ముడి కేకతో ఆమె తన కాళ్ళవంక చూసుకుంది. నొప్పి ఉంది. కానీ వాటిని ఈడ్చాల్సిన పని లేదు.

ఆ తర్వాతి ఊళ్ళలో సభ అన్నవాళ్ళందరికీ తమ్ముడే ఏదో ఒకటి చెప్పి తప్పించాడు. పొద్దు వాలితే చాలు, అక్కను పడుకోబెట్టి తనే వాకిట్లో కూర్చున్నాడు.

ఒక మధ్యాహ్నం, సముద్రం ఒడ్డున, ఆమె చివరి గీత దాటింది. పాత రికార్డు కంటే ఒక్క పూట ముందు. దాటి, ఇసకలో అలాగే కూలబడింది.

పోటీల సంఘం పెద్దాయన వచ్చి, కూర్చుని ఉండగానే ఆమె మెడలో పతకం వేశాడు. చుట్టూ చప్పట్లు. లేచి నిలబడే ఓపిక ఆమెకు లేదు.

"సార్, ఆ పాత రికార్డు ఆవిడ ఉన్నారా?"

"ఉన్నారమ్మా. ఎక్కడో చిన్న ఊళ్ళో ఉంటారు. ఇలా పరుగెత్తినట్టు అక్కడ ఎవరికీ చెప్పుకోలేదట."

"ఒక్కసారి కలవాలి. నా మీద కోపంగా ఉన్నారేమో."

"ఈ పతకం ఆవిడ చేతే వేయిద్దామని నిన్న ఫోన్ చేశాను. మోకాలు బాగాలేదు, రాలేనన్నారు."

"ఇంకేమైనా అన్నారా?"

పెద్దాయన నవ్వాడు.

"'ఆ పరుగులో నాకు దొరకనిది ఒక్క రాత్రి నిద్రే నాయనా, అది ఆ పిల్లకి మా ఇంట్లో పెట్టే పంపాను' అన్నారు."