రాక్షసుడి వీపు

రాక్షసుడు తెర మీదికి రాగానే జనం గొల్లున నవ్వారు.

నవ్వక ఏం చేస్తారు? ఒళ్లంతా కొబ్బరి పీచు. నోట్లో ముల్లంగి దుంపల్లాంటి రెండు కోరలు. పైగా పంచె జారిపోతున్నవాడిలా కాళ్లు ఎడంగా వేసుకుంటూ నడుస్తాడు. అది పంతొమ్మిది వందల డెబ్బై నాలుగు. ఉయ్యూరు రోడ్డు పక్కన వేసిన డేరా టాకీసులో నేల టిక్కెట్టు జనం వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ వాడితో చుట్టరికాలు కలిపారు.

"ఒరే, మీ మావ వచ్చాడ్రా!"

"మా మావ ఇంత అందగాడు కాదులే!"

మిషను పక్కన నిలబడ్డ ఆపరేటర్ కృపానందం మాత్రం నవ్వలేదు. అతను చూడని రాక్షసుడు లేడు. కొమ్ములవాడు, గోళ్లవాడు, ముక్కులోంచి పొగ వదిలేవాడు. అందరూ అరుస్తారు, అందరూ చస్తారు. ఇంటికెళ్లి కాళ్లు కడుక్కునేలోపు జనం అందర్నీ మరిచిపోతారు. ఈ కొబ్బరి పీచు వాడిదీ ఆ జాతే.

ఆఖరి రీలు దాకా.

ఆఖరి రీల్లో ఊరివాళ్లు చెరుకు తోటకి నిప్పు పెడతారు. మంటల్లోంచి రాక్షసుడు బయటికొస్తాడు. ఎవరి మీదా పడడు. రెండు చేతులూ వెనక్కి విరిచి వీపు తడుముకుంటాడు. తడుముకుంటూ గిరగిరా తిరుగుతాడు. అప్పుడు అరుస్తాడు.

ఆ అరుపు తర్వాత డేరాలో వేరుశనక్కాయ చిట్లిన చప్పుడు కూడా ఉండదు. ఆట మొదలైన వారంలోనే ఆ భయం ఊళ్లోకి పాకింది. వీపు దురద పెడితే గోడకి రాసుకుంటున్నారు గాని, పొద్దువాలాక చెయ్యి వెనక్కి పెట్టిన మగాడు ఉయ్యూరులో లేడు.

"ఏమోయ్ కృపానందం, వీపు గోక్కుంటే ఇంత జడుసుకుంటారేమిటోయ్ జనం?" అన్నాడు డేరా యజమాని వెంకటకృష్ణారావు.

"మిగతా రాక్షసులంతా మనల్ని జడిపిస్తారండీ. వీడు తనే జడుసుకున్నాడు. అలా చెయ్యమని వాడికి ఎవరు చెప్పారోగాని, ఆ మనిషికి దణ్ణం పెట్టాలి."

డేరాలో ఆ అరుపు విననిది ఒక్కతే. ఆడవాళ్ల వైపు, తడిక పక్కన, ముందు వరసలో కూర్చునే ముసలామె. రోజూ మొదటాటకి వస్తుంది. చేతిలో మరచెంబు. అందులో నీళ్లు ఆమె తాగగా చూసినవాళ్లు లేరు. రాక్షసుణ్ణి చూసి అందరూ వెక్కిరిస్తుంటే ఆమె మురిసిపోతుంది. మిషను ఒక్కటే కాబట్టి రీలు రీలుకీ ఆట ఆపి దీపాలు వేస్తారు. ఆఖరి రీలుకి ముందు దీపాలు వెలగ్గానే లేచి వెళ్లిపోతుంది.

గేటు దగ్గర టిక్కెట్లు చింపే హనుమయ్య ఆరా తీశాడు.

"పోయిన నెల హనుమాన్ జంక్షన్ డేరాలోనూ ఈవిడే ఉందటండీ. అంతకుముందు పామర్రులో. బొమ్మ ఎక్కడికెళితే ఈవిడ అక్కడ. రాక్షసుణ్ణి చూసి మురిసిపోయే ఆడది మనిషేనంటారా?"

ఆ మాట డేరా అంతా తిరిగింది. ఆమె చుట్టూ ఇసుక ఖాళీ అయింది. తల్లులు పిల్లల్ని ఒళ్లోకి లాక్కున్నారు.

ఇవాళే ఆఖరి రోజు. రేపు రీళ్ల పెట్టె బెజవాడ వెళ్లిపోతుంది.

"ఇవాళ గొడవ జరిగిందంటే ఈ రోడ్డు మీద మళ్లీ మన డేరా లేవనివ్వరు. మర్యాదగా పంపించెయ్ ఆవిణ్ణి," అన్నాడు వెంకటకృష్ణారావు.

ఆఖరి రీలుకి ముందు దీపాలు వెలిగాయి. కృపానందం వెళ్లేలోపే ఆమె తనంతట తనే అతని దగ్గరికొచ్చింది.

"బాబూ, ఆ ఆఖరి చుట్ట వెయ్యకుండా ఆపలేవా?"

"అది లేకపోతే ఈ బొమ్మలో ఏముందమ్మా?"

"ముందంతా బాగానే ఉందిగా. నడక చూశావా? ఎంత ముద్దుగా నడుస్తాడో!"

కృపానందం ఒక అడుగు వెనక్కి వేశాడు. "భయమైతే ఇంటికెళ్లమ్మా. రోజూ వెళుతున్నావుగా."

"ఇవాళ వెళ్లను," అంది. వెనక్కి వెళ్లి తన చోట్లో కూర్చుంది.

వెనక జనం ఈలలు వేస్తున్నారు. కృపానందం రీలు ఎక్కించాడు.

చెరుకు తోట అంటుకుంది. రాక్షసుడు బయటికొచ్చాడు. చేతులు వెనక్కి పోయాయి.

ముసలామె లేచింది. ఒక్కొక్క అడుగే వేసుకుంటూ తెర దగ్గరికి నడిచింది. ఆమె నీడ మంటల్లో పడింది. మరచెంబు మూత తిప్పి, ఉన్న నీళ్లన్నీ ఒక్క విసురున తెర మీద కొట్టింది.

మంట ఆరలేదు. తడిసిన గుడ్డ మీద ఇంకా వణికింది. అప్పుడే రాక్షసుడు అరిచాడు.

డేరాలో జనమంతా ఒక్కసారిగా లేచారు. తడిక విరిగింది. "పట్టుకోండి దాన్ని!" అని ఎవరో కేకేశారు. ఎవరో గుంజ పీకారు. కృపానందం మిషను ఆపి పరిగెత్తుకొచ్చి, గుంజకీ ఆమెకీ మధ్య నిలబడ్డాడు.

"ఎవరమ్మా నువ్వు? ఏం కావాలి నీకు?"

ఆమె వెలవెలబోయిన తెర వంకే చూస్తోంది. నీళ్లు ఇంకా కారుతున్నాయి.

"అమలమ్మ అంటారు నాయనా. జంక్షన్‌లో జాకెట్లు కుట్టుకుంటాను. ఆ పీచు వేషం కుట్టింది నేనే."

గుంజ పట్టుకున్నవాడు ఆగాడు.

"గుండీలు బొమ్మలో కనపడకూడదన్నారని అన్నీ వీపు వైపే పెట్టాను బాబూ, వేషానికి నిజంగానే నిప్పంటుకున్నప్పుడు లోపలున్న మా అబ్బాయి అంతోనికి ఒక్కటీ అందలేదు."