మూడుసార్లమ్మ

“ఇంకొక్కసారి చూస్తాను. కదలకండి,” అంది స్కానింగ్ డాక్టరమ్మ.

కడుపులోని బిడ్డ పొట్ట చుట్టుకొలత తీయడం అది మూడోసారి. మంచం మీద వదిన కదలకుండా పడుకుంది. గోడవారన స్టూలు మీద కూర్చున్న ఆడపడుచుకే ఒళ్ళు మండింది.

కిటికీ లేని గది. తెర వెలుతురు తప్ప వేరే వెలుతురు లేదు. లోపల ఉన్నది ముగ్గురే అయినా ఇంకెవరో కూడా ఉన్నట్టు అనిపించేది ఆడపడుచుకు. డాక్టరమ్మ ఎప్పుడూ ముందు బిడ్డ గుండె చప్పుడే పెట్టేది. అది టకటకా వినిపించేదాకా ఊపిరి బిగబట్టేది. ఒకసారి బిడ్డ అటు తిరిగి ఉండి, ఆ చప్పుడు దొరకడానికి అర నిమిషం పట్టింది. ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు.

బయటికి రాగానే ఆడపడుచు అందుకుంది.

“ఈ మూడుసార్లమ్మకి పని రాదు వదినా. నీకు ధైర్యం చెప్పాల్సింది పోయి తనే వణుకుతుంది. నీ మొహం వంక ఒక్కసారైనా చూస్తుందా? మన పక్క సందులోనే స్కానింగ్ సెంటరుంది. రెండు బస్సులు మారి ఈవిడ దగ్గరికే రావాలా?”

“ఈవిడ దగ్గరికే రావాలి,” అంది వదిన.

వదినకి షుగరు. పెళ్ళికి ముందు నుంచే ఉంది. రోజుకు నాలుగుసార్లు ఇన్సులిన్ సూది. మొదటి బిడ్డ తొమ్మిదో నెలలో కడుపులోనే పోయింది. అప్పుడు ఆడపడుచు ఎక్కడో దూరాన ఉద్యోగంలో ఉంది. ఆమె వచ్చేసరికి కొన్న ఉయ్యాల కూడా విప్పి అటక మీద పెట్టేశారు. ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు. కానీ వదిన ఏ కూరగాయలో తరుగుతూ తరుగుతూ, పక్క గదిలోంచి ఎవరో ఏడ్చినట్టు కత్తి ఆపి చెవి ఒగ్గుతుంది.

ఈసారి నెల తప్పగానే ఆమె చేసిన మొదటి పని ఈ డాక్టరమ్మను వెతకడం. వారం రోజులు ఎవరెవరికో ఫోన్లు చేసి ఆచూకీ పట్టింది.

మొదటిరోజు ఫైలు తెరవగానే డాక్టరమ్మ చాలాసేపు తల ఎత్తలేదు. “ఇంతకన్నా పెద్ద ఆసుపత్రులు ఉన్నాయి. రాసివ్వనా?” అని అడిగింది.

“వద్దు. మీరే చూడండి.”

బాధ్యత మోయలేక తప్పించుకుంటోంది అనుకుంది ఆడపడుచు.

నెలకోసారి రమ్మనాల్సిన చోట ఆవిడ రెండు వారాలకే రమ్మనేది. షుగరున్న తల్లికి బిడ్డ ఉన్నట్టుండి లావెక్కుతుందని, ఉమ్మనీరు పెరుగుతుందని, పైకి అంతా సవ్యంగానే కనిపిస్తూ ఒక్కోసారి... అని అక్కడిదాకా చెప్పి ఆగిపోయేది. ఏడో నెల దాటాక రోజూ ఫోను. “కదులుతోందా?” అదొక్కటే ప్రశ్న.

“మా అన్నయ్య కూడా నీకు ఇన్ని ఫోన్లు చెయ్యడు,” అని నవ్వేది ఆడపడుచు. వదిన నవ్వేది కాదు.

ముప్పై ఆరో వారం వచ్చింది.

“ఆవిడ ఇవాళ సెలవండీ. ఇంకో డాక్టరు చూస్తారు,” అంది రిసెప్షన్లో అమ్మాయి.

“ఆవిడే చూడాలి. నేను వచ్చానని చెప్పండి, వస్తారు.”

“నీ ఒక్కదానికోసం సెలవు మానుకుని పరిగెత్తుకొస్తుందా?” అని ఆడపడుచు తల పట్టుకుంది.

ముప్పావుగంటలో డాక్టరమ్మ వచ్చింది. తలస్నానం చేసిన జుట్టు ఇంకా ఆరలేదు.

గుండె చప్పుడు వినిపించింది. పొట్ట కొలిచింది. ఒకసారి. రెండోసారి. మూడోసారి. బిడ్డ తల పెరుగుదల కన్నా పొట్ట పెరుగుదల మూడు వారాలు ముందుంది. ఉమ్మనీరు మితిమీరింది. బొడ్డుతాడులో రక్తం పారే తీరు చూస్తూ ఉండగా ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

విచిత్రం, ఆ రోజు ఆవిడ వణకలేదు.

“ఇంటికి పంపను,” అంది. రిపోర్టు టైపు అయ్యేదాకా కూడా ఆగలేదు. చక్రాల కుర్చీ తనే తోసుకుంటూ కాన్పుల డాక్టరు గదికి తీసుకెళ్ళింది.

“రేపు మళ్ళీ ఒకసారి చూసి అప్పుడు నిర్ణయిద్దామా?” అంది కాన్పుల డాక్టరు.

“రేపటికి ఆ గుండె ఉండకపోవచ్చు మేడమ్. ఇవాళే తియ్యండి!”

ఆ కేక వరండా చివర బెంచీ మీద ఉన్న ఆడపడుచుకు కూడా వినిపించింది.

మధ్యాహ్నం రెండున్నరకు ఆపరేషన్. ఆడపిల్ల. నాలుగు కిలోలకు కాస్త తక్కువ. ఏడవడానికి ఆలస్యం చేసింది, కానీ ఏడ్చింది. రక్తంలో షుగరు పడిపోతోందని మూడు రోజులు అద్దాల పెట్టెలో ఉంచారు. నాలుగో రోజు తల్లి పక్కలోకి ఇచ్చారు.

ఆ సాయంత్రం డాక్టరమ్మ వార్డు గుమ్మం దాకా వచ్చింది. లోపలికి రాలేదు. పాప గుప్పిట మూయడం, తెరవడం చూస్తూ నిలబడింది. వదిన ఆవిడ వైపు చూసి మెల్లగా తల ఊపింది. డాక్టరమ్మ కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

“నా నోటికి తాళం వెయ్యాలి వదినా,” అంది ఆడపడుచు. “ఆవిడ లేకపోతే మన గతి ఏమయ్యేదో! ఇంత మంచి డాక్టరని నీకు ఎవరు చెప్పారు?”

వదిన పాప వీపు మీద చెయ్యి వేసింది. ఊపిరితో పాటు ఆ చెయ్యి లేచి పడటం కాసేపు చూసింది.

“ఎవరూ చెప్పలేదు. పోయినసారి నా కడుపు చూసి, అంతా బాగుందని రాసిచ్చి ఇంటికి పంపింది ఆవిడే.”