ప్రాణం లేని పానా

“ఇందులో ప్రాణం లేదండీ రావుగారూ!” అంటూ పోతురాజు పానాను గల్లాపెట్టె పక్కన ఠంగుమని పడేశాడు.

కొట్లో బేరమాడుతున్న ఇద్దరూ బేరం ఆపి ఇటు తిరిగారు. కొట్టు యజమాని జగన్మోహనరావు గబుక్కున లేచాడు. బందరులో ఇనుప సామాన్ల కొట్లు ఇంకా బోలెడున్నాయి. గిలకలదిండి రేవులో బోటు ఇంజన్ల దగ్గర పోతురాజు మాటంటే మాటే. రావుగారు నకిలీ సరుకు అమ్ముతున్నాడని అతను ఒక్క మాట అంటే చాలు, రేవులో ఇక ఎవరూ ఈ గడప తొక్కరు.

“మెల్లిగా, మెల్లిగా! పానాకి ప్రాణమేంటయ్యా?”

“బోల్టు బిగిస్తుంటే చేతికి తెలియాలండి. ఇక చాలు, ఆగు అని పానాయే చెప్పాలి. ఇది చెప్పి చావదు. ఇంకా బిగియలేదనుకుని లాగితే బోల్టు తల ఊడి చేతికొచ్చింది. నడిసముద్రంలో ఇంజను ఆగిపోతే వేరే బోటువాళ్లు తాడు కట్టి లాక్కొచ్చారు. మళ్లీ ఇలా అయితే ఇంకో మేస్త్రీని పెట్టుకుంటానని మా ఓనరు మొహమ్మీదే చెప్పేశాడు.”

అతని గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువుంది. జగన్మోహనరావు అరలోంచి ఇంకో కంపెనీ పానా తీసిచ్చాడు. పోతురాజు దాన్ని పట్టుకుని, ఊపి, బొటనవేలితో నిమిరి పక్కన పెట్టేశాడు.

“ఇదీ అంతేనండి.”

పాలిష్ పట్టించింది తీశాడు. నచ్చలేదు. దాచిపెట్టుకున్న ఖరీదైన సరుకు కాగితం విప్పి మరీ చూపించాడు. అదీ నచ్చలేదు. చివరికి పోతురాజు చేతిసంచీలోంచి తన పాత పానా తీశాడు. నల్లగా, పట్టుకునే చోట అరిగి గుంట పడి ఉంది.

“మా మావయ్య ఇచ్చిందండి ఇది. నోరు సాగిపోయి పక్కన పెట్టానుగానీ, లేకపోతే మీ కొట్టుకెందుకొస్తాను? చూడండి, పట్టుకుంటేనే ఎంత హాయిగా ఉందో!”

జగన్మోహనరావు ఆ పాతదాన్నీ, పోతురాజు తిరిగి తెచ్చినదాన్నీ చెరో చేత్తో పట్టుకున్నాడు. కాటా మీద పెట్టాడు. బరువు ఒకటే. బండ మీద వేసి చూశాడు. మోత ఒకటే. ఒకే కంపెనీ, ఒకే అచ్చు. జీవితమంతా ఇనుముతోనే గడిపినవాడికి కూడా అరుగుదల తప్ప వేరే తేడా అంతుబట్టలేదు. కోపం ఎటో పోయింది. దాని సంగతేమిటో తేల్చుకుంటేగానీ అన్నం సయించేలా లేదు.

ఈలోగా పక్క టీకొట్టు అమ్మాజీ చెంగుతో పట్టుకుని రెండు స్టీలు గ్లాసులు తెచ్చి బల్ల మీద పెట్టింది. “ఇప్పుడే పొయ్యి మీంచి దించాను, చూసుకోండి బాబుగారూ,” అని చెప్పి వెళ్లిపోయింది. జగన్మోహనరావు గ్లాసు ముట్టుకుని, చురుక్కుమంటే వేళ్లు విదిలించుకుని, చల్లారనీలే అని వదిలేశాడు. పోతురాజు మాత్రం తన గ్లాసు గుప్పిట పట్టుకుని చెప్పుకుపోతూనే ఉన్నాడు.

“బోటు అడుగున చీకటి గుయ్యారమండి. బోల్టు కంటికి కనపడదు. అక్కడ మాకు చెయ్యే కన్ను. ఈ పానాలతో పని చేస్తే నాకు కళ్లకి గంతలు కట్టినట్టుంటోంది.”

గంతలు అనగానే జగన్మోహనరావుకి ఉపాయం తట్టింది.

“అయితే ఆ గంతలే కట్టుకో. మూడు పానాలు ఇస్తాను. ఏది మంచిదో చేత్తోనే చెప్పు.”

“ఓస్, అంతేనా!” పోతురాజు గ్లాసు ఖాళీ చేసి బల్ల మీద పెట్టి, భుజం మీది తుండుగుడ్డ తీసి కళ్లకి బిగించి కట్టుకున్నాడు. జగన్మోహనరావు బేరానికొచ్చిన వాళ్ల వైపు కన్నుగీటి, రెండు కొత్త పానాల పక్కన ఆ పాతదాన్నే చప్పుడు కాకుండా పెట్టాడు.

పోతురాజు మొదటిది పట్టుకున్నాడు. “ఊహూఁ.” రెండోది పట్టుకున్నాడు. “ఇది కాస్త నయం.” మూడోది, తన పాతదే, అటూ ఇటూ తిప్పి, పిడి నిమిరి, మొహం చిట్లించాడు.

“ఛీ! అన్నిట్లోకీ ఇదే అధ్వాన్నం. ఇలాంటి సరుకు ఎక్కణ్నుంచి తెస్తారండీ బాబూ?”

కొట్టంతా గొల్లుమంది. జగన్మోహనరావుకి ప్రాణం లేచొచ్చినట్టయింది. కొట్టు పరువు నిలబడింది, అదీ ఇద్దరు సాక్షుల ఎదుట.

“గుడ్డ తీసి చూడు మేస్త్రీ! అది మీ మావయ్య ఇచ్చిందే!”

పోతురాజు గుడ్డ తీసి చూశాడు. నమ్మలేదు. “మీరేదో మార్చేశారు,” అన్నాడుగానీ ఆ మాటలో బలం లేదు. కళ్లు మూసుకుని పాత పానాను మళ్లీ గట్టిగా పట్టుకున్నాడు. కళ్లు తెరిచి చూశాడు. మళ్లీ మూసుకున్నాడు. అతన్ని చూస్తే జగన్మోహనరావుకి ఇంకా నవ్వొస్తూనే ఉంది.

గ్లాసులు తీసుకెళ్లడానికి అమ్మాజీ వచ్చింది. దారికి అడ్డంగా ఉన్నానేమోనని పోతురాజు పానా బల్ల మీద పెట్టి పక్కకి జరిగాడు. ఆమె చూపు అతని చేతి మీద పడింది.

“అయ్యయ్యో, అదేంటి బాబాయ్! అరచెయ్యంతా కాలి బొబ్బలెక్కింది!”

పోతురాజు చెయ్యి తిప్పి చూసుకున్నాడు.

“ఎప్పుడు?” అని అడిగాడు.