రెండు ఈస్టర్ల ఏడాది

"ఆ పళ్ళెం అవతలకి తియ్యి. వాసనకే కడుపులో తిప్పుతోంది," అంది టిల్బా.

హెరిక్ కాల్చిన గొర్రెపిల్ల తొడని మళ్ళీ ఆమె ముందుకే జరిపాడు. "పండగపూట తిననంటే ఎలాగే? ఇవాళ ఈస్టర్."

"నీకు ఈస్టర్. నాకు మట్టల ఆదివారం. ఇంకో వారం ఉపవాసం ఉంది నాకు."

"కడుపుతో ఉన్నదానివి..."

"కడుపులో ఉన్నవాడిదీ మా లెక్కే."

పొయ్యి దగ్గర ఎండు బఠాణీలు ఏరుతున్న హెరిక్ తల్లి ఎడ్బా కిసుక్కున నవ్వింది. "ఒరేయ్, నాకున్నది ఒకటే పొయ్యి. మీ ఇద్దరి పండగలకీ నేను వండలేను."

ఇంగ్లండు ఉత్తరాన ఉన్న హెరిక్ వాళ్ళ నార్తంబ్రియాకి దేవుడి మాట ఐర్లాండు సన్యాసులు తెచ్చారు. టిల్బా పుట్టిన దక్షిణాది కెంటుకి అది రోము నుంచి వచ్చింది. ఈస్టర్ ఎప్పుడన్నది చంద్రుణ్ణి బట్టి కట్టే లెక్క. వీళ్ళ పెళ్ళయినప్పటి నుంచీ ఇద్దరి లెక్కలూ కలిసే వచ్చాయి. ఆ ఏడు మాత్రం వారం తేడా పడింది. కోటలో రాజుగారు మాంసం తింటుంటే, కెంటు నుంచే వచ్చిన రాణిగారు పక్కన పస్తు కూర్చున్నారట. అది విన్నాక ఎడ్బా "మాదీ రాజుగారి కుటుంబంలాంటిదే" అని ఊరంతా చెప్పుకుంది.

అసలు తగువు మాంసం గురించి కాదు, పుట్టబోయే బిడ్డ గురించి. క్రైస్తవుణ్ణి చేసే బాప్తిస్మం వాడికి ఎవరివ్వాలి? హెరిక్ గురువు కోర్మాక్‌కి తల ముందు సగం గుండు. టిల్బా గురువు విగ్‌బర్ట్‌కి నడినెత్తిన గుండు. ఇద్దర్నీ కలిపితే ఒక నిండు గుండు అవుతుందని ఎడ్బా లెక్క.

"మా కోర్మాక్ అయ్యగారే ఇవ్వాలి," అన్నాడు హెరిక్ బల్ల గుద్ది. "క్రైస్తవుడు కాకపోతే పిల్లనివ్వనన్నాడు మీ నాన్న. ఎవరి లెక్కో అడిగాడా?"

"మీ నాన్న మాత్రం? క్రైస్తవురాలైతేనే గడప తొక్కమన్నాడు. ఎవరి లెక్కో అడిగాడా?"

"నా భక్తి సంగతి నీకు తెలీదు!"

"నా భక్తి ముందు నీదెంత!"

"మీ భక్తి పాడుగాను, గొంతులు తగ్గించండి. మేకలు బెదురుతున్నాయి," అంది ఎడ్బా.

మంగళవారం టిల్బా బావి దగ్గర కళ్ళు తిరిగి కూలబడింది. హెరిక్ పరుగున వెళ్ళి ఎత్తుకొచ్చాడు. పక్క మీద పడుకోబెట్టాడు. కిందటేడు ఒక బిడ్డ నిలవలేదు. ఆమె కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని పొద్దుగూకేదాకా రుద్దాడు.

మర్నాడు మధ్యాహ్నం హెరిక్ పొలం నుంచి వచ్చేసరికి టిల్బా మంచం మీద కూర్చుని ఎముక చీకుతోంది. గడ్డం మీద పులుసు కారుతోంది.

"ఇదేంటే?"

"నిన్న నీ మొహం చూశాక ఉండలేకపోయాను. ఏడవకుండా ఏడ్చావు," అంది మూతి తుడుచుకుంటూ. "నీ చేతిలో ఆ ఎండు రొట్టెముక్క ఏంటి?"

హెరిక్ సిగ్గుపడ్డాడు. "నువ్వు పస్తుంటే నాకు ముద్ద దిగలేదు. నీ ఈస్టర్ దాకా నేనూ ఉపవాసమే."

టిల్బాకి ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది.

కబురు దాగుతుందా? శుక్రవారానికి గురువులిద్దరూ ఒకేసారి గుమ్మంలో దిగారు.

"పండగ చేసుకున్నవాడు మళ్ళీ ఉపవాసం ఏమిటి?" అన్నాడు కోర్మాక్.

"ఉపవాసం ఉన్న మనిషి మాంసం తినడమేమిటి?" అన్నాడు విగ్‌బర్ట్.

ఆ తర్వాత వాళ్ళు హెరిక్‌నీ టిల్బానీ వదిలేసి చంద్రుడి గురించి ఒకరిమీద ఒకరు అరుచుకున్నారు. ఎడ్బా ఇద్దరికీ బార్లీ కల్లు పోసింది. రెండోసారి పోశాక కాస్త మెత్తబడ్డారు.

"బిడ్డ సంగతి ఇవాళే తేల్చేద్దాం," అన్నాడు కోర్మాక్. "తల్లిదండ్రుల్లో ఎవరు ముందు బాప్తిస్మం పొందారో వాళ్ళ మాటే చెల్లాలి."

"న్యాయంగానే ఉంది," అన్నాడు విగ్‌బర్ట్. "చెప్పండి, ఎవరు ముందు?"

హెరిక్ లేచి పొయ్యిలో కట్టె ఎగదోశాడు.

"ఎవరైతేనేం లెండి," అన్నాడు హెరిక్. "మోస్తున్నది తను. తన మాటే చెల్లనివ్వండి."

"అదేం కుదరదు," అంది టిల్బా గబగబా. "ఇంటి యజమాని ఆయన. ఆయన మాటే చెల్లాలి."

"కాదు, నీదే."

"ఒట్టు, నీదే."

విగ్‌బర్ట్ కళ్ళు చెమర్చాయి. "మన పెద్దలు వీళ్ళని చూసి నేర్చుకోవాలి," అన్నాడు. కోర్మాక్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. బాప్తిస్మం ఇద్దరం కలిసే ఇస్తామని మాటిచ్చి, దంపతుల్ని దీవించి, ఒకే దారిన మాట్లాడుకుంటూ వెళ్ళిపోయారు.

తలుపు పడ్డాక టిల్బా అంది, "అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకున్నావు?"

"నువ్వెందుకు ఒప్పుకున్నావు?"

ఇద్దరూ నేలచూపులు చూశారు. ఎడ్బా మాత్రం బఠాణీల గిన్నె పక్కన పెట్టి, పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

ఇద్దరికీ ఇంకా బాప్తిస్మమే కాలేదు.