కంచె దగ్గర మనిషి

ఆ ఎర్ర టోపీ మనిషి మీద లొరైన్ మొదటి నుంచీ ఓ కన్నేసే ఉంచింది.

అమెరికాలో వెర్మాంట్ కొండ అడుగున, చిన్నపిల్లలకి మంచు మీద జారే స్నోబోర్డు నేర్పే చోటది. మిగతా తల్లిదండ్రులు కాఫీ తాగుతూ కబుర్లలో పడ్డారు. ఈయన మాత్రం కంచెను ఆనుకుని నిలబడి, కాసేపు పసుపు కోటు పిల్లని, కాసేపు కార్లు ఆగే చోటుని చూస్తున్నాడు. ఆయన కారుకి వేరే రాష్ట్రం నంబరు. అదీ చటుక్కున కదిలేలా రోడ్డు వైపు తిప్పి పెట్టి ఉంది.

లొరైన్ మఫ్లర్ ముక్కు దాకా లాక్కుని, టికెట్ల గది మూల నుంచి అన్నీ గమనిస్తోంది.

నేర్పే అమ్మాయి బ్రిన్ పిల్లల్ని వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరినీ వెనక నుంచి మెల్లగా నెడుతోంది.

"పడకుండా ఏ కాలు ముందుకేస్తారో చూస్తున్నా. బోర్డు మీద ఆ కాలే ముందుండాలి, సరేనా? పెనీ, నువ్వు రా!"

పసుపు కోటు పిల్ల కదల్లేదు.

"పెనీ! నిన్నేనమ్మా. చెవుల్లో మంచు పడిందా ఏంటి?"

పక్కవాడు మోచేత్తో పొడిచాక గానీ ఆ పిల్ల ఉలిక్కిపడి ముందుకు రాలేదు. తన పేరు తనకే గుర్తులేని పిల్ల ఉంటుందా?

కుడి కాలు వేస్తుంది, అనుకుంది లొరైన్. పిల్ల కుడి కాలే వేసింది.

తర్వాత ఒక కాలిని పట్టీతో బోర్డుకి బిగించి, రెండో కాలితో మంచును తోస్తూ జారడం నేర్పింది బ్రిన్. పిల్ల కాస్త దూరం జారి ధబ్బున కూలబడింది. పకపకా నవ్వి, సగం ముఖం కప్పే మంచు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుంది. అంతే, ఎర్ర టోపీ ఆయన కంచె దాటి పరుగెత్తుకొచ్చాడు. కళ్ళజోడు మళ్ళీ కిందికి లాగి, కోటు టోపీ ముఖం మీదికి దించాడు.

"ముఖం కనబడనీకు అన్నానా?" అన్నాడు గొంతు తగ్గించి.

ఆయన వేడి చాక్లెట్ తేవడానికి అటు వెళ్ళగానే లొరైన్ గబగబా బ్రిన్ దగ్గరికి నడిచింది.

"అమ్మాయ్, ఆ మనిషెవరో నీకు తెలుసా?"

"పెనీ వాళ్ళ నాన్నండీ."

"అని ఆయన చెప్పాడు. పిల్ల చెప్పిందా? ఆ పేరు పెట్టి పిలిస్తే పలికిందా?"

బ్రిన్ మొహం పాలిపోయింది. "అయ్యో... ఇప్పుడేం చేద్దామండీ?"

"ఆయన వచ్చేలోగా పిల్లని నాతో పంపు. ఆఫీసులో కూర్చోబెట్టి పోలీసులకి ఫోన్ చేస్తాను."

బ్రిన్ మంచులో మోకాళ్ళ మీద కూర్చుని పిల్ల బోర్డు పట్టీ విప్పింది.

"బంగారం, భయపడకు. ఈ ఆంటీతో ఒక్క నిమిషం వెళ్తావా?"

లొరైన్ మఫ్లర్ దించి, నవ్వుతూ చెయ్యి చాపింది.

పిల్ల తలెత్తి చూసింది. రెండు చేతులతో బ్రిన్‌ని గట్టిగా కరుచుకుపోయింది.

"నన్ను ఇచ్చెయ్యకు అక్కా, నేనూ నాన్నా పేర్లు మార్చుకుని ఊళ్ళు తిరిగేది ఈవిడకి దొరక్కూడదనే, ఈవిడ మా అమ్మ."