అత్తరు ఆరేదాకా

నాయకులందరూ తమ చరిత్ర చెప్పే పెట్టెను మెడలో వేసుకుని తిరగాలన్న చట్టం వచ్చాక, ఎమ్మెల్యే వెంకటరత్నం మొదటిసారి ఆదోనిలోని మా అత్తరు కొట్టుకు వచ్చాడు. మసీదు గుమ్మం మీది కెమెరా అనుమానితుడిగా చూపించిన మా తమ్ముడు రఫీ జైలుకు వెళ్లి అప్పటికి నలభై రోజులు.

"శుక్రవారం నమాజు అయినాక నా గురించి నాలుగు మంచి మాటలు చెప్పు జిలానీ భాయ్. రేపే రఫీని ఇంటికి పంపిస్తా."

పెట్టె అందుకుంది. "ముస్లింల హక్కుల కోసం సభలో పంతొమ్మిదిసార్లు మాట్లాడారు."

నేను అతని మణికట్టుకు అత్తరు రాశాను. "ఇప్పుడే వాసన చూడొద్దు సార్. పావుగంట ఆరితేగానీ అసలు సరుకు తెలియదు."

ఆ లోపల పెట్టెను అడిగాను. "మసీదులకు కెమెరాలు పెట్టే చట్టానికి ఓట్లు వేసిన రోజు ఏం చేశారు?"

"ఓటింగుకు ముందే బయటికి వెళ్లిపోయారు."

"ఆ పొద్దు కడుపునొప్పి భాయ్," అన్నాడు ఎమ్మెల్యే.

"అట్లాంటి కడుపునొప్పులు ఎన్ని వచ్చినాయి?"

"పదకొండు," అంది పెట్టె.

రేపు విడిపించగలిగిన మనిషి నిన్న ఎందుకు విడిపించలేదని నాకు అనుమానం వచ్చింది. "రఫీ ఫైలు ఎవరి దగ్గర ఆగింది?" అని పెట్టెనే అడిగాను.

ఎమ్మెల్యే గబుక్కున దాని నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. అది నేను అత్తరు రాసిన చెయ్యే.

పావుగంట ఇంకా కాలేదు.

"తెలిసింది సార్," అన్నాను. "శుక్రవారం తప్పకుండా మాట్లాడతాను."