గిడియన్ చదవని పేరా

"ఇవాళ కూడా ఉందా?" అంది మార్జరీ, గిన్నెలు తుడుస్తూ.

గిడియన్ పాస్క్ కళ్ళజోడు సవరించుకుని, ఇంకా అచ్చు తడి ఆరని ఆ పత్రికని కిటికీ వైపు వంచాడు. ఉంది. రెండో పక్క, అడుగున. పేరులో మొదటి అక్షరమూ చివరి అక్షరమూ వేసి మధ్యలో గీత గీశారు. అచ్చువేసినవాణ్ణి కోర్టుకి ఈడ్వకుండా ఆ గీత కాపాడుతుంది, అంతే. ఫ్లీట్ వీధిలో "హా—ట్" అంటే చేతితొడుగులు కుట్టే హార్కట్ అని తెలియనిదెవరికి?

"ఉంది. ఈసారి గురక గురించి."

"ఆ పెట్టె పీకి పొయ్యిలో పెట్టేస్తానొకరోజు," అంది మార్జరీ.

వాకిలి పక్కన గోడకి కొట్టిన చెక్కపెట్టె అది. ఎవరిమీద కడుపుమంట ఉన్నా రాసి అందులో పడేస్తే చాలు, సంతకం అక్కర్లేదు. 'జోరీగ' పత్రికవాళ్ళు వచ్చి పట్టుకుపోతారు. కానీ జోరీగ వచ్చే రోజే మార్జరీ నడిపే ఆ కాఫీ హౌసు కిటకిటలాడుతుంది. అందుకని ఆమె ఎంత తిట్టుకున్నా పెట్టె గోడమీదే ఉంది.

గిడియన్ ఒకప్పుడు బడిపంతులు. ఇప్పుడు రోజూ పొద్దున్నే ఆ గదిలో పత్రికలు పైకి చదివి వినిపిస్తాడు. అందుకు బదులుగా పొయ్యి పక్కన కుర్చీ, తాగగలిగినంత కాఫీ. ఓడల రాకపోకలు, యుద్ధం కబుర్లు ఎంతసేపైనా చదవగలడు. జోరీగ దగ్గరికి వచ్చేసరికే ఒళ్ళు బరువెక్కుతుంది. ఒకరి విగ్గు, ఒకరి నత్తి, ఒకరి పెళ్ళాం. ఆ నవ్వులు వినీ వినీ ఆయన అలిసిపోయాడు.

హార్కట్ భార్య డోర్కస్ వసంతంలో పోయింది. ఆమె గొంతు వీధి చివరిదాకా వినిపించేది. పాపం, ఇకనైనా ఆయనకి కాస్త శాంతి దొరికిందని ఇరుగుపొరుగు అనుకున్నారు. ఆ శాంతిని కూడా జోరీగ ఓర్వలేకపోయింది. వేసవిలో మొదలైంది ఈ పేరా.

మొదటిసారి దాన్ని చూసినప్పుడు గిడియన్ నోరు తనంతట తనే దాటేసింది. ఆ చోట ఓ పల్లెటూరి పాదిరీ గురించీ, తప్పిపోయిన ఆయన పంది గురించీ అప్పటికప్పుడు ఏదో అల్లి చదివేశాడు. అప్పటినుంచీ ప్రతి వారం అంతే. గదిలో అందరికీ తెలుసు, ఎవరూ నోరు మెదపలేదు. ఒకరి గుట్టు ఒకరు వీధిలో పెట్టుకునే ఆ జనం, ఒక ముసలాయన కోసం ఒక్క మాట దాచగలిగారు. పొగమంచు పొద్దుల్లో గిడియన్‌ని అక్కడిదాకా నడిపించేది ఆ సంగతే.

హార్కట్ వచ్చాడు. తడిసిన కోటు, వేళ్ళకి ఎప్పటిలాగే నల్లమరకలు. తోలుకి అద్దే రంగు కాబోలు. సూదిపనితో కళ్ళు మసకబారి, చిన్న అచ్చు ఆనదాయనకి. గిడియన్ మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చున్నాడు.

గిడియన్ చదివాడు. గురక రావలసిన చోట పాదిరీగారి పంది బావిలో పడింది. గదిలో అందరూ నవ్వారు. హార్కట్ కూడా మర్యాదకి నవ్వాడు.

"అంతేనా, పంతులుగారూ? ఇంకేం లేదా?"

ప్రతి వారం అదే ప్రశ్న. ఎవరైనా చెవిన వేశారేమో, భయపడి అడుగుతున్నాడేమో అని గిడియన్ కంగారుపడేవాడు.

"అంతేనండి."

హార్కట్ సగం కాఫీ వదిలేసి లేవబోయాడు. పక్క బల్ల దగ్గర, ఆ గదికి కొత్తగా వచ్చిన ఓ కుర్ర లాయరు తన సొంత ప్రతిని విదిలించాడు.

"పంది ఎక్కడుంది పెద్దాయనా ఇందులో? అసలు మజా అంతా వదిలేశారు. నేను చదువుతా, వినండి."

ఓడలపని చేసే వడ్రంగి ఒకడు లేచి లాయరు మెడపట్టీ పట్టుకున్నాడు. బల్లమీద గిన్నె దొర్లింది. మార్జరీ గోడమీద రాసిపెట్టిన కాఫీ హౌసు నియమాలకేసి చెయ్యి చూపించింది.

"గొడవ మొదలెట్టినవాడు గదిలో అందరికీ కాఫీ ఇప్పించాలి బాబూ. నోరు మూసుకుంటే నీకే చవక."

"ఆ కాఫీలు నేనిప్పిస్తాను," అన్నాడు హార్కట్, మళ్ళీ కూర్చుంటూ. "అబ్బాయిని చదవనివ్వండి."

వడ్రంగి చెయ్యి వదిలాడు. లాయరు చదివాడు.

"మన హా—ట్ దొరగారు గురక పెడితే పక్కవీధి కుక్కలు బదులు చెబుతాయి. కుడికాలికి ఒక రంగు మేజోడు, ఎడమకాలికి ఇంకో రంగు. కత్తెర చేతిలో పట్టుకుని కత్తెర కోసం ఇల్లంతా తిరుగుతారు. ఈయన్ని చేసిన పూట దేవుడు ఆవలిస్తూ ఉండి ఉంటాడు."

ఎవరూ నవ్వలేదు. చివరికొచ్చేసరికి లాయరు గొంతు కూడా తగ్గిపోయింది. హార్కట్ కళ్ళు మూసుకుని ఉన్నాడు. చెంపలు తడిశాయి. లాయరు కాగితం మడిచి, టోపీ అందుకుని, తలుపు చప్పుడు కాకుండా వెళ్ళిపోయాడు.

గిడియన్ కుర్చీ దగ్గరికి జరిపాడు. వేసవి నుంచీ ప్రతి వారం ఇలాంటిదొకటి వస్తోందనీ, ఆయన నొచ్చుకుంటాడని తానే దాటేస్తున్నాననీ ఒప్పుకున్నాడు. ఇంట్లో మసిలిన మనిషికి తప్ప ఇవి తెలియవనీ, ఆయన మానిపించిన పనిమనిషి మీదే తమకందరికీ అనుమానమనీ చెప్పాడు.

"ప్రతి వారమూ వస్తోందా?" అన్నాడు హార్కట్.

"వస్తోందండి."

హార్కట్ వాకిలి పక్కనున్న పెట్టెకేసి చూశాడు.

"వాళ్ళు అచ్చు వెయ్యడం లేదనుకున్నాను," అన్నాడు.

గిడియన్‌కి అర్థం కాలేదు. మార్జరీ వేడి కాఫీ తెచ్చి హార్కట్ ముందు పెట్టింది. ఆయన ఆ నల్లటి వేళ్ళతో గిన్నెని చుట్టుకుని, పొగలోకి చూస్తూ నెమ్మదిగా అన్నాడు.

"రాసింది నేను, పంతులుగారూ, తిట్టింది మా డోర్కస్."